పైడి వాకిట్లో బొగ్గు

గవరయ్య ఇంటి వాకిట్లో ఎవరి చోటు వాళ్ళకుండేది. పశువుల పాకలో పుల్లన్న అనే ముసలి ఎద్దు నెమరేసుకుంటూ ఉండేవాడు. నూతి పక్కన పిల్లల్ని గంప కింద పెట్టుకుని చుక్కలమ్మ అనే కోడి కాపలా తిరిగేది. వంటింటి చూరు మీద పంచదార అనే పిల్లి అరకన్ను మూసి పడుకునేది. మాట తియ్యగా ఉంటుందని ఆ పేరు పెట్టారు, పెట్టినవాళ్ళు పనులు చూడలేదు. ఇక అరుగు మీద, గోనెపట్టా పరుచుకుని, ఇంటి యజమానురాలికంటే దర్జాగా పైడి.

పైడి ఇంటి కుక్క. ఒళ్ళంతా బంగారు రంగు, ముక్కు మీద కోపం. "ఈ అరుగు నాది, ఈ గిన్నె నాది, ఈ గుమ్మంలో మొరిగేది నేనొక్కదాన్నే" అని వచ్చేపోయే కాకులకి కూడా చెప్పేది. దాని మాట కాదన్నవాళ్ళు ఆ వాకిట్లో ఎవరూ లేరు.

సముద్రం వైపు గవరయ్యకి ఒక జీడితోట ఉంది. ఆ తోటకి కాపలా కుక్క బొగ్గు. పేరుకి తగ్గట్టే నల్లగా ఉంటాడు. కళ్ళు తెరిచినప్పటి నుంచి తోటే వాడి లోకం. పగలు చెట్టుకి కట్టేసేవారు, చీకటి పడ్డాక వదిలేసేవారు. అన్నం ఎవరో వచ్చి దూరం నుంచి నేలమీద విసిరేవారు. వాడి తల నిమిరిన చెయ్యి లేదు. మనిషి కనిపిస్తే మొరగాలి, దగ్గరికొస్తే కరవాలి, వాడికి నేర్పింది అంతే. "మా బొగ్గు ఉండగా ఒక్క జీడిపిక్క కూడా పోదు" అని గవరయ్య ఊరంతా గొప్పలు చెప్పుకునేవాడు.

తుఫానొచ్చింది. తోటలో చెట్లన్నీ వేళ్ళతో సహా లేచిపోయాయి. కాపలా కాయడానికి ఏమీ మిగల్లేదు. తడిసి ముద్దై, పడిపోయిన చెట్టు కింద వణుకుతున్న బొగ్గుని గవరయ్య బండికి కట్టి ఇంటికి తోలుకొచ్చాడు.

అప్పుడు మిట్టమధ్యాహ్నం. పైడి అరుగు కింద గిన్నెలో చేపల పులుసన్నం తింటోంది. గవరయ్య బండి ఆపి, మరో ఆలోచన లేకుండా బొగ్గు మెడలో తాడు విప్పేశాడు.

"పోరా, లోపలికి పో. ఇద్దరూ కలిసి ఉండండి" అని చెప్పి, కాళ్ళు కడుక్కోవడానికి నూతి దగ్గరికి పోయాడు. ఎంత సుళువో చూడండి! ఉన్నదాన్ని ఓ మాట అడగలేదు, వచ్చినవాడికి ఓ మాట చెప్పలేదు. కలిసి ఉండమన్నాడు, కలిసిపోవాలి, అంతే.

తుఫాను మొదలైనప్పటి నుంచి బొగ్గు కడుపులో మెతుకు లేదు. పులుసు వాసన తగిలింది. సూటిగా గిన్నె దగ్గరికి నడిచాడు.

పైడి తినడం ఆపింది. పై పెదవి లేచింది. "ఎవడ్రా నువ్వు?"

"ఆకలేస్తోంది. జరుగు."

"జరగాలా? నా గిన్నె ముందు నుంచి నేను జరగాలా?"

"తోటలో అన్నం ఎవరికి అందితే వాళ్ళదే."

"ఇది తోట కాదురా అడవి వెధవా. ఇల్లు!"

"ఇల్లంటే ఏటి?" అన్నాడు బొగ్గు.

వాడు నిజంగానే అడిగాడు. కానీ పైడికి అది వెటకారంగా వినిపించింది. ఒళ్ళు మండిపోయి మీదకి దూకింది. మీదకొచ్చినవాణ్ణి ఏం చెయ్యాలో బొగ్గుకి తెలిసిన విద్య ఒక్కటే. కరిచాడు.

రెండూ పెనవేసుకుపోయి దొర్లాయి. గిన్నె పల్టీ కొట్టింది. నూతి పక్కన గంప దొర్లిపోయింది. కోడిపిల్లలు కాళ్ళ కింద చెల్లాచెదురయ్యాయి. చుక్కలమ్మ రెక్కలు కొట్టుకుంటూ గోల పెట్టింది. పుల్లన్న బండి కాడి కిందే తాడు తెంపుకునేలా గింజుకుంటూ "ఆగండ్రా, ఆగండి!" అని రంకె వేశాడు. గవరయ్య భార్య ఆదెమ్మ వంటింట్లోంచి నీళ్ళ బిందెతో పరిగెత్తుకొచ్చి ఇద్దరి మీదా గుమ్మరించింది. గవరయ్య చేతికందిన కర్రతో కొట్టాడు. కొట్టింది ఇద్దర్నీ కాదు, బొగ్గుని.

విడిపోయేసరికి పైడి చెవి చీలి రక్తం కారుతోంది. బొగ్గు మూతికి కోడిపిల్ల నూగు అంటుకుని ఉంది. పిల్లల్ని మళ్ళీ గంప కిందకి చేర్చి చూస్తే ఒక పిల్ల తక్కువ.

"ఓలమ్మో! నా బిడ్డని మింగేశాడు!" అని చుక్కలమ్మ గుండెలు బాదుకుంది. "ఆ మూతి చూడండి! నా బిడ్డ ఈకలే అవి! నీ నోరు పడిపోను, నీ పళ్ళు రాలిపోను!"

"నేను తినలేదు" అన్నాడు బొగ్గు.

"మూతికి సాక్ష్యం పెట్టుకుని ఇంకా బొంకుతున్నావా?" అని పైడి మళ్ళీ మీదకి రాబోయింది. ఆదెమ్మ దాని మెడ పట్టుకుని ఆపి, మొగుడి మీద విరుచుకుపడింది.

"ఏటి తెచ్చావు ఇంటికి? కుక్కనా, పులినా? ఇవాళ కోడిపిల్ల, రేపు పక్కింటి చంటిది! దీన్ని ఎక్కడ నుంచి తెచ్చావో అక్కడే వదిలేసి రా!"

"తోటలో పడిన చెట్లు నరికించాలే. గొడ్డళ్ళకీ కలపకీ కాపలా కావద్దా?" అన్నాడు గవరయ్య. "కలప ఎత్తడానికి లారీ వస్తుంది కదా, ఆ రోజు దీన్ని కూడా ఎక్కించేస్తాను. దారిలో ఎక్కడో దింపేస్తారు. అప్పటిదాకా పగలు తోటలో, రాత్రి పాకలో గొలుసుతో పడుంటుంది."

ఆ గొడవంతా చల్లారాక, చూరు మీద పంచదార మూతి నాక్కుంటూ కూర్చుంది. కుక్కలు కొట్టుకుంటుంటే ఆ వాకిట్లో అందరి కళ్ళూ కుక్కల మీదే. పంచదార మెత్తగా దిగి, మెత్తగా నోట కరుచుకుని, మెత్తగా పైకెక్కింది. ఎవరూ చూడలేదు.

పాకలో బొగ్గుని పుల్లన్న పక్కనే కట్టేశారు. వాడు గొలుసు కొరుకుతూ, గుంజకేసి తల కొట్టుకుంటూ గుర్రుమంటున్నాడు.

"గొలుసు తెగదు, నీ పన్నే విరుగుతుంది" అన్నాడు పుల్లన్న.

"నేను తినలేదు తాతా!"

"తెలుసు. నువ్వు మొదటి నుంచి చివరిదాకా పైడి చెవి వదల్లేదు. నోటినిండా చెవి పెట్టుకున్నవాడు కోడిపిల్లని ఎలా మింగుతాడు? ఆ నూగు దొర్లినప్పుడు అంటుకున్నదే."

బొగ్గు గిర్రున తిరిగాడు. "తెలిస్తే ఎందుకు చెప్పలేదు? నన్ను కొడుతుంటే చూస్తూ నిలబడ్డావా?"

"అరిచాను. నా అరుపు వాళ్ళకి రంకె. ఇక చుక్కలమ్మ, పైడి ఉన్నారే, ఆ కోపంలో వాళ్ళకి నా మాట ఎక్కదు." పుల్లన్న తోకతో ఈగల్ని విసురుగా కొట్టాడు. "నన్ను ఈ ఇంటికి తెచ్చినరోజు ఏం చేశాడో తెలుసా మన యజమాని? అప్పటికే ఇక్కడ ఓ నల్లెద్దు ఉండేది. నేను బండి దిగీదిగగానే ఇద్దరికీ ఒకే కాడి వేశాడు. దాని వాసన నాకు తెలీదు, నా వాసన దానికి తెలీదు. కుమ్ముకున్నాం. నా కొమ్ము విరిగింది. 'కొత్తెద్దుకి పొగరు' అన్నాడు. ఇన్నేళ్ళయింది, ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు గడ్డి దిగదు."

"అయితే నన్నేం చెయ్యమంటావు? లారీ ఎక్కమంటావా?"

"లారీ వచ్చేలోపు ఆ పైడితో కలిసి నడవడం నేర్చుకోమంటాను."

"దానితోనా? కనిపిస్తే పీక కొరికేస్తాను."

"అందుకే, కనిపించేటప్పుడు దాని మొహం చూడకు" అన్నాడు పుల్లన్న.

మర్నాడు పొద్దున్నే గవరయ్య ఒంటెద్దు బండి కట్టాడు. బొగ్గు గొలుసుని బండి ఎడమవైపు కట్టాడు. బండి గుమ్మం దాటుతుంటే పుల్లన్న అరుగు వైపు తల తిప్పాడు.

"ఏమ్మా పైడీ, యజమాని పక్కన ఆ నల్లోడు రోజూ షికారు పోతుంటే నువ్వు ఇంట్లో చెవి గోక్కుంటూ కూర్చుంటావా?"

పైడి చటుక్కున లేచింది. "నా యజమాని పక్కన వాడా? ముందు నన్ను దాటమను!" అని పరిగెత్తుకొచ్చింది. ఎడమవైపు పోబోతే పుల్లన్న కొమ్ము అడ్డం పెట్టాడు.

"కుడివైపు."

"వాడికి భయపడి పక్క మారాలా?"

"నాకు భయపడి మారు. నడిచినంతసేపూ నేను మధ్యలో ఉంటాను. ఇద్దరూ దారి చూడండి. ఒకళ్ళ కళ్ళలో ఒకళ్ళు చూశారంటే బండి ఇక్కడే ఆపేస్తాను, గవరయ్య తోక మెలేసినా కదలను."

వాళ్ళు నడిచారు. అది నడకా? బండికి అటు గుర్రు, ఇటు గుర్రు. పైడి చక్రాల సందులోంచి తొంగి చూసింది. బొగ్గు గొలుసు లాగాడు. పుల్లన్న అన్నమాట ప్రకారం దారి మధ్యలో నిలబడిపోయాడు. గవరయ్య తిట్టాడు, ములుకోల చూపించాడు. పుల్లన్న కదల్లేదు. కుక్కలు రెండూ నోరు మూసుకుని ముందుకి చూశాకే అడుగేశాడు.

అలా రోజూ. తోట దాకా పోవడం, రావడం. ఆ దారి ఎవరి అరుగూ కాదు, ఎవరి గిన్నే కాదు. అక్కడ కొట్టుకోవడానికి కారణం దొరక్క ఇద్దరికీ విసుగొచ్చింది. పైడి ఆగి తుప్పల్లో వాసన చూస్తే, అది ముందుకి పోయాక బొగ్గు అదే తుప్ప వాసన చూసేవాడు. బొగ్గు కాలెత్తిన రాయి దగ్గర పైడి ఆగేది, మూతి ముడిచేది, కానీ ఆగేది.

"వాడి దగ్గర తుఫాను వాసన ఇంకా పోలేదు" అంది ఒకరోజు, ఎవరితోనో అన్నట్టు.

"దాని దగ్గర చేపల పులుసు వాసన" అన్నాడు బొగ్గు అటువైపు నుంచి.

"నిన్ను అడిగానా?"

"నీకు చెప్పానా?"

"దారి చూడండి" అన్నాడు పుల్లన్న.

మధ్యాహ్నం గవరయ్య అన్నం తిని మిగిలింది కుక్కలకి పెట్టేవాడు. మొదటిరోజు ఇద్దరికీ ఒకే చోట వెయ్యబోతే పుల్లన్న వచ్చి సరిగ్గా అక్కడే నిలబడ్డాడు. గవరయ్య తోస్తే రెండో పక్కకి తిరిగి మళ్ళీ అక్కడే నిలబడ్డాడు. చివరికి విసుక్కుంటూ గవరయ్య ఒకరికి బండికి ఇటు, ఇంకొకరికి అటు వేశాడు. అక్కడి నుంచి అదే అలవాటైంది. మొదట్లో బొగ్గు అన్నం మీద పడుకుని తినేవాడు, ఎవరో లాక్కుపోతారన్నట్టు. రోజులు గడిచేకొద్దీ నిలబడి తినడం మొదలుపెట్టాడు.

ఒకసారి గవరయ్య, కూలీలు చెట్ల దగ్గర పనిలో ఉండగా, పైడి బొగ్గుకి కాస్త దూరంగా నిలబడి ముందుకాళ్ళు నేలకి ఆనించి, వెనకభాగం పైకెత్తి, తోక ఆడించింది.

బొగ్గు అనుమానంగా చూశాడు. "కడుపు నొప్పా?"

"ఆటరా!"

"ఆటంటే ఏటి?"

ఈసారి పైడి అది వెటకారం అనుకోలేదు. వాడి మొహం చూసింది. వాడు నిజంగా అడుగుతున్నాడు. పైడికి ఒళ్ళు మండింది, అయితే ఈసారి వాడి మీద కాదు.

"తాతా! వీడికి ఆటంటే తెలీదట! ఇంత గొడ్డులా పెంచారు, పరిగెత్తి పట్టుకోవడం కూడా నేర్పలేదా? గవరయ్యకి ఇదేనా తెలిసింది?"

"కరవడం నేర్పారు కదా, అది చాలనుకున్నారు" అన్నాడు పుల్లన్న.

"నా చెవి చీలింది వీడి వల్ల కాదన్నమాట!" అని పైడి నేల గీకింది. "రారా, లే. నేను పరిగెడతాను, నువ్వు తరుము. పన్ను తగిలించావంటే మాత్రం ఈసారి చీలేది నీ చెవి."

గొలుసు పొడుగున్నంత మేరా బొగ్గు తరిమాడు. పన్ను తగిలింది. పైడి కుయ్యిమని ఆగి, మొహం పక్కకి తిప్పేసి కూర్చుంది. బొగ్గు కూడా ఆగిపోయాడు. ఏం చెయ్యాలో తెలీక తనూ పక్కకి తిరిగి కూర్చున్నాడు. కాసేపటికి మళ్ళీ మొదలు. మెత్తగా పట్టుకోవడం అలా పట్టుబడింది వాడికి. నోట్లో ఎంత కోపం ఉన్నా పంటిని ఆపుకోవచ్చని మొదటిసారి తెలిసింది.

ఇంటికొచ్చాక మాత్రం ఇద్దరూ ఎడమొహం పెడమొహమే. పైడి అరుగు మీద పాక వైపు వీపు పెట్టి పడుకునేది. బొగ్గు పాకలో అరుగు వైపు వీపు పెట్టి పడుకునేవాడు. చూరు మీద నుంచి పంచదార అది చూసి మురిసిపోయింది. 'ఇంకా మాటల్లేవు' అనుకుంది. దానికి తెలియనిది ఒకటుంది. కుక్క వీపు చూపించి కళ్ళు మూసుకుందంటే, వెనకున్నవాడి వల్ల భయం లేదని అర్థం.

నరకడం అయిపోయింది. ఒకరోజు పొద్దున్నే లారీ వచ్చి రోడ్డు మీద ఆగింది. కలప ఎత్తించడానికి గవరయ్య అటు పోయాడు. వెళ్తూ వెళ్తూ ఆదెమ్మతో, "ఎత్తడం అవగానే వచ్చి నల్లోణ్ణి తీసుకెళ్తాను" అన్నాడు. అప్పటికే ఇంట్లో కాస్త మచ్చికయ్యాడని గొలుసు తీసి, సన్నతాడుతో గుంజకి కట్టి పోయాడు. ఆదెమ్మ కూలీలకి వంట మొదలుపెట్టింది.

పంచదార ముందు అరుగు మీదకి దిగింది.

"పైడక్కా, నీ చెవి చూస్తే నాకే ఏడుపొస్తోంది. ఆ నల్లోడు ఏమంటున్నాడో విన్నావా? 'పోయేముందు మిగిలిన కోడిపిల్లల్ని కూడా తినేసి, ఆ పైడి పీక కొరికి పోతాను' అంటున్నాడు. నీ మంచి కోరి చెప్తున్నా. వాడు నీ మీదకి రాకముందే నువ్వే వాడి మీద పడు."

"అలాగా?" అంది పైడి. గొంతులో గుర్రు ఉంది. అది ఎవరి మీదో పంచదార అడగలేదు.

తర్వాత పిల్లి పాకలోకి పోయింది. "బొగ్గు బాబూ, నీకు ఎంత అన్యాయం జరిగింది నాయనా! ఇప్పుడు పైడి ఏమందో తెలుసా? 'లారీ ఎక్కేముందు వాడి రెండు చెవులూ చింపి పంపుతాను' అంది. నీ తాడు నేను కొరికి పెడతాను. నీ పరువు నువ్వు దక్కించుకో."

తాడు కొరికి పెట్టింది కూడా. వంటింటి వెనక నుంచి ఓ చేప తలకాయ లాక్కొచ్చి, అరుగుకీ పాకకీ సరిగ్గా నడిమధ్యన పడేసి, చూరెక్కి కూర్చుంది.

బొగ్గు తాడుతో సహా పాక గడపలోకి వచ్చాడు. పైడి మెల్లగా పాక వెనకనుంచి చుట్టు తిరిగి వచ్చి, పుల్లన్న గాటి పక్కన నక్కింది. చూరు మీదకి అది కనిపించదు.

"నువ్వు నా పీక కొరుకుతానన్నావా?"

"లేదు. నువ్వు నా చెవులు చింపుతానన్నావా?"

"అనలేదు. నీ మీద కోపం వచ్చినప్పుడు నీ మొహం మీదే తిడతాను కదరా. పిల్లి చేత చెప్పిస్తానా?"

పుల్లన్న నమలడం ఆపేశాడు. "మీరు కొట్టుకోవాలని దానికెందుకింత ఆత్రం? పోయినసారి మీరు కొట్టుకున్న రోజు ఏం పోయింది?"

ముగ్గురూ ఒక్కసారే నూతి పక్కన గంప వైపు చూశారు.

బొగ్గు ఒంటి మీద వెంట్రుకలన్నీ లేచాయి. "ఇన్నాళ్ళూ దాని పాపం నేను మోశానా? దాన్ని ఇప్పుడే..." అని చూరు కిందకి దూకబోయాడు.

"దూకు! కోడిపిల్లని తిన్న కుక్క ఇప్పుడు పిల్లిని కూడా చంపిందంటారు. లారీ దాకా కూడా ఆగరు, ఇక్కడే కర్రతో చంపేస్తారు" అన్నాడు పుల్లన్న. అంత కోపంగా ఆయన మాట్లాడటం వాళ్ళెప్పుడూ వినలేదు. "కోపం నాకు మాత్రం లేదా? కాలు దువ్వి ఆ చూరు కూల్చాలని ఉంది. కానీ అది పట్టుబడాల్సింది మన నోట్లో కాదు, ఆదెమ్మ కళ్ళలో. కొట్టుకోండి. తోటలో ఆడుకున్నట్టు కొట్టుకోండి. చప్పుడు మాత్రం పది ఊళ్ళకి వినపడాలి."

పైడి మళ్ళీ చుట్టు తిరిగి అరుగెక్కింది. కాసేపు ఆగి, ఒళ్ళు విరుచుకుని దిగింది. బొగ్గు పాకలోంచి వచ్చాడు. చేప తలకాయకి అటొకరు, ఇటొకరు.

"నా వాకిట్లో నా చేపకి అడ్డం వస్తావురా!" అని పైడి గొంతెత్తింది.

"అడ్డమేటి, నీ అరుగు కూడా నాదే!" అన్నాడు బొగ్గు.

కలబడ్డారు. దుమ్ము లేచింది. మొరుగులు, గుర్రులు, కుయ్యిలు. చుక్కలమ్మ "మళ్ళీనా! మళ్ళీ వచ్చాడు నా బిడ్డల మీదకి!" అని ఏడుస్తూ వాళ్ళ చుట్టూ గంతులేసింది. దొర్లుతూ దొర్లుతూ పైడి కావాలనే గంపని కాలితో తన్నింది. గంప పక్కకి ఒరిగింది.

అంతలో ఒక పొరపాటు జరిగింది. బొగ్గు పన్ను పైడి పాత గాయానికి తగిలింది. పైడి నిజంగానే కేక పెట్టింది. నోట్లోకి రక్తం రుచి వచ్చేసరికి బొగ్గు కళ్ళు మారిపోయాయి. చెట్టుకి కట్టేసిన రోజులు, కర్రదెబ్బలు, 'నువ్వే తిన్నావ్' అన్న అరుపులు, లారీ, అన్నీ కలిసి దవడల్లోకి వచ్చాయి. ఇంకొక్క క్షణం అయితే పట్టు బిగిసేది.

పైడి తిరిగి కరవలేదు. పారిపోలేదు. కదలకుండా ఆగిపోయి, మొహం పక్కకి తిప్పింది.

బొగ్గు కూడా ఆగిపోయాడు. నోరు తెరిచి వదిలేశాడు.

"అరవరా వెధవా, ఆగిపోయావేం!" అంది పైడి చెవి దగ్గరగా. "అది దిగుతోంది!"

వాడు మళ్ళీ అరవడం మొదలుపెట్టాడు. ఈసారి ఆ అరుపులో నటన సగమే.

పంచదార దిగింది. మెత్తగా నడిచి, ఒరిగిన గంప కిందకి తల దూర్చి, ఒక పిల్లని మెడ దగ్గర కరుచుకుంది. అప్పుడే ఆదెమ్మ గరిటెతో వంటింట్లోంచి "చంపేస్తున్నారే బాబూ!" అంటూ పరిగెత్తుకొచ్చింది.

ఆమె గడప దాటగానే వాకిట్లో అరుపులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కుక్కలు రెండూ విడిపోయి, చేప తలకాయని అక్కడే వదిలేసి, పిల్లికి చూరు దారి మూసేస్తూ పక్కపక్కన నిలబడ్డాయి. రెండూ దాని వైపే చూస్తున్నాయి. ఆదెమ్మ చూపు కూడా అటే పోయింది.

ఎదురుగా పంచదార. నోట్లో కోడిపిల్ల కాళ్ళు కొట్టుకుంటోంది.

ఆదెమ్మ చేతిలో గరిటె గాల్లో ఆగిపోయింది. "నువ్వా!" అంది. "పాలు పోసి పెంచితే, నువ్వా!" గరిటె విసిరింది. అది తగిలే లోపు పంచదార పిల్లని వదిలేసి, నూతి గట్టెక్కి, గోడ దూకి, ముళ్ళకంచెలోంచి ఒంటిమీద బొచ్చు ఊడబెరుక్కుంటూ పారిపోయింది. కుక్కలు తరమలేదు. తరమాల్సిన పనిలేదు. ఆ సాయంత్రం వెనక గుమ్మంలో తియ్యగా అరిచింది, తలుపు తెరుచుకోలేదు. ఆ తర్వాత కూడా తెరుచుకోలేదు.

రోడ్డు మీద నుంచి గవరయ్య తాడు పట్టుకుని వచ్చి, "ఏడీ నల్లోడు? లారీ వాళ్ళు తొందరపడుతున్నారు" అన్నాడు.

ఆదెమ్మ అడ్డంగా నిలబడింది. "పిల్లిని ఎక్కించుకోమను, దొరికితే. ఈ కుక్క ఎక్కడికీ పోదు. తప్పు చెయ్యనివాడి మీద కర్ర ఎత్తిన మొగుడివి నువ్వు, చూడకుండా తిట్టిన పెళ్ళాన్ని నేను. ముందు ఆ చేతిలో తాడు కింద పడెయ్యి."

కొనప్రాణంతో ఉన్న పిల్లని చుక్కలమ్మ రెక్క కింద వెచ్చబెట్టుకుంది. అది కళ్ళు తెరిచి కిచకిచమనేదాకా ఆగి, తర్వాత బొగ్గు ముందుకి వచ్చింది. మెడ వాల్చింది.

"నోరు పడిపోవాలన్నాను. పళ్ళు రాలాలన్నాను. ఇంతకాలం నీ వైపు చూసినప్పుడల్లా తిట్టాను. తప్పైపోయింది బాబూ. కడుపుకోత, ఏటి చెయ్యను? మూతికి ఈకలు చూశాను, నమ్మేశాను."

బొగ్గుకి కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా అనిపించలేదు.

"తినలేదని చెప్పాను కదా. నువ్వు కళ్ళతో చూశావు, పైడి చీలిన చెవితో తేల్చుకుంది, యజమాని కర్రతో తేల్చుకున్నాడు. ఒక్కరైనా, 'అయితే ఎవరు తిన్నారురా' అని నన్ను అడిగారా?"

పైడి వచ్చి వాడి పక్కన కూర్చుంది. దగ్గరగా కాదు, మధ్యలో ఓ మనిషి నిలబడేంత చోటు వదిలి.

"వాడు చెప్పింది విని, అలాగే నిలబడు చుక్కలమ్మా" అంది పైడి. "ఇవాళ వాడికి కోపగించుకునే హక్కుంది. వాడి మీద ఇంకెవరైనా నోరు పారేసుకుంటే మాత్రం ఇక్కడ నేనున్నాను."

బొగ్గు పైడి వైపు చూడలేదు, దారి వైపే చూస్తూ కూర్చున్నాడు. కానీ తోక కొస ఒకసారి నేలని తాకింది.

నీతి: కొత్తవాణ్ణీ ఉన్నవాణ్ణీ మెల్లగా కలపాల్సింది పోయి ఒక్కసారిగా ఒకే గిన్నె ముందు నిలబెట్టి, రక్తం కారాక కొత్తవాడిదే తప్పనేవాడు, అసలు దొంగకి తన చేత్తోనే తలుపు తీస్తాడు.